పద్యంలో పట్టని వాషరు

మార్చి నెల మూడవ వారం నుంచి నేను గరాజు తలుపు ఎత్తడం, దించడం మొదలుపెట్టాను. మేము వలస వచ్చి స్థిరపడిన బాతెల్‌లో ఆ రోజుల్లో వాన కురుస్తున్నదని గాని, వెలిసిందని గాని నిశ్చయంగా చెప్పడానికి వీలుండదు. ఎత్తి చూస్తే తుంపర. కాఫీ తాగి వచ్చి మళ్లీ ఎత్తితే ఎదురింటి దేవదారుల కొసల మీద వెలుగు, రోడ్డు మీద మాత్రం తడి. మోటారుసైకిలుకు నూనె మార్చే పని గరాజులోపలే జరిగేది కనుక వానకు దానితో ప్రసక్తి లేదనవచ్చు. కాని చల్లారిన ఇంజనులోని నూనె ఆముదంలా మొరాయిస్తుంది. పది నిమిషాలు వీథుల్లో తిప్పి తెస్తేనే నీరులా జారి, అడుగున పేరుకున్న మడ్డిని కూడా వెంటబెట్టుకుని దిగుతుంది. ఆ పది నిమిషాల పొడి రోడ్డు కోసం పన్నెండు రోజులు నిరీక్షించాను. నిరీక్షణ అనడం గౌరవానికి. పుస్తకం తెరిచి ఒక పుట చదివి మూసేవాణ్ణి. మేడ ఎక్కి, ఎందుకు ఎక్కానో ఆలోచిస్తూ దిగేవాణ్ణి.

"ఆ తలుపు మోటారు కాలిపోతుందండీ. ఎన్నిసార్లు తెరుస్తారు?" అనేది మా ఆవిడ వంటింట్లో నుంచి.

ఆమె ముప్పై నాలుగేళ్లు ఆస్పత్రి ప్రయోగశాలలో పనిచేసిన వైద్యురాలు. ప్రతి శబ్దానికీ కారణం తెలుసుకోనిదే ఊరుకోదు. ఈ శబ్దానికి కారణం ఆమెకు తెలుసు. ఎందుకంటే ఆ బండి తాళంచెవి అక్టోబరు నుంచి ఆమె దగ్గరే ఉంది.

అది నలభై ఏళ్లు దాటిన జపాను బండి. రెండు సిలిండర్లు, నల్లని ట్యాంకు, మోకాళ్లు తగిలే చోట రంగు పోయి బయటపడిన ఇనుము. మా అమ్మాయి చదువుకు వెళ్లిపోయిన సంవత్సరం, ఇంట్లో అకస్మాత్తుగా ఏర్పడిన వెలితికి తట్టుకోలేక, ఎవరో వాడి విడిచిన దానిని తెచ్చుకున్నాను. నాటి నుంచి నేటి వరకు దాని మరలు నేను తప్ప మరొకరు విప్పలేదు. వృత్తిరీత్యా వంతెనల లెక్కలు కట్టినవాణ్ణి. కట్టిన వంతెనలను చేతితో తాకే అవకాశం ఎన్నడూ రాలేదు. ఈ బండి ఒక్కటే నా చేతికి అందిన యంత్రం.

అయితే నేను దానిని విడవలేకపోవడానికి అసలు కారణం యంత్రం కాదు. చెప్పడానికి కొంత సిగ్గుగా ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు దిద్దకముందే కావ్యాలు కంఠస్థం చేయించిన ఇంట్లో పెరిగాను. పద్యం నాకు చదివేది కాదు, ఎలుగెత్తి పాడేది. ఈ దేశంలో ఎలుగెత్తడానికి చోటు దొరకలేదు. ఇంట్లో మా ఆవిడ రెండు పాదాలు మర్యాదగా వింటుంది. మూడవ పాదానికి కుక్కరు విజిల్ వేస్తుంది. పండుగ సభల్లో పద్యం మొదలుపెడితే, అయిపోయిందనుకుని మధ్యలోనే చప్పట్లు కొడతారు. హెల్మెట్ పెట్టుకుని, ఇంజను చప్పుడు చాటున, వారానికొకసారి నది పక్క రోడ్డు మీద నలభై నిమిషాలు పోతే మాత్రం, గొంతు తెగేటట్లు రాగం తీసినా అడిగేవాడు లేడు. దీర్ఘసమాసాలు హెల్మెట్ గోడలకు తగిలి నా చెవుల్లోకే తిరిగి వచ్చేవి. ఆ నలభై నిమిషాల కోసమే మిగిలిన ఆరు రోజులూ సహించేవాణ్ణి.

అక్టోబరులో జరిగింది ఇది. బజారు నుంచి వచ్చి కారును గరాజులో పెట్టి, తలుపు దించి, లోపలికి వచ్చాను. ఇది పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే, మీట నొక్కితేనే ఆగే కొత్త కారు. నిలబెట్టినప్పుడు ఇంజను మోగదు, కాసేపటికి బ్యాటరీ తగ్గి తనంతట తానే మేలుకుంటుంది. మీట నొక్కడం మరిచాను. గంటసేపటికి మెట్ల దగ్గరి విషవాయువు అలారం అరిచింది. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లి ఆపింది. అన్నం తిన్న తరువాత మోటారుసైకిలు తాళంచెవి తీసుకుని తన చేతిసంచిలో వేసుకుంది.

"కారు మరిచిపోతే నేను ఆపాను. రోడ్డు మీద మరిచిపోతే ఎవరాపుతారు?" అంది.

వాదించాను. ఒక పొరపాటుకు ఇంత శిక్షా అన్నాను. ఆమెకు తెలియని సంగతి నాకు తెలుసు. ఆ వేసవిలోనే, హెల్మెట్‌లో, అరవై ఏళ్లుగా తడబడకుండా వచ్చిన పద్యాలలో ఒకదానికి మూడవ పాదం రాలేదు. ఎర్రదీపం దగ్గర దానికోసం వెతుకుతూ ఉండిపోయాను. దీపం పచ్చబడి, వెనకవాడు హారన్ కొట్టేదాకా నేనెక్కడున్నానో స్ఫురించలేదు. అటువంటి ఖాళీలు మరి రెండు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు.

శీతకాలమంతా నలిగి నలిగి చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. వసంతంలో నూనె నేనొక్కణ్ణే మార్చాలి. ఎవరినీ అడగకూడదు, ఫోన్‌లో వీడియో చూడకూడదు. ఒక్కటీ మరవకుండా పూర్తిచేస్తే ఆ ఏడాదికి తాళంచెవి నాది. ఏ ఒక్కటి మరిచినా బండి ఇంట్లో ఉండదు.

"నేను మరిచిందీ లేనిదీ నీకెలా తెలుస్తుంది?" అని అడిగాను.

"నాకెలా తెలుస్తుంది? నేనేమన్నా మెకానిక్‌నా? మీరే చెప్పాలి."

ఆమె వేసిన షరతులన్నింటిలో అదే కఠినమైనదని అప్పుడు నాకు తోచలేదు.

పైగా గెలుపు నాదేనని ధీమా. ఆ పని క్రమాన్ని ఏనాడో ఆటవెలదిలో బిగించి పెట్టుకున్నాను. మా చదువులో ఏది నిలవాలన్నా పద్యంలో పెట్టడమే ఆచారం; వైద్యమైనా, గణితమైనా, వాస్తువైనా. ఫిల్టరును జాలి అన్నాను, నూనె మట్టం చూపే అద్దపు కన్నును గాజు అన్నాను:

వేడి చేసి మరను విప్పి నూనెను వంచి
పాత జాలి మార్చి పట్టు బిగిచి
కొత్త నూనె పోసి కొలత గాజునఁ గని
బండి నెక్క వచ్చు భయము లేక

గొప్ప కవిత్వం కాదు, పనివాడి పద్యం. ఇందులో ఒకటి లోపించింది. నూనె దింపడానికి విప్పిన కింది బోల్టు బిగించేముందు దానికి పాత వాషరు తీసి కొత్తది తొడగాలి. రాగి వాషరు, పావలా కాసంత ఉంటుంది. ఒకసారి నలిగితే మరి సరిగా అతకదు కనుక ప్రతిసారీ మార్చవలసిందే. రెండవ పాదంలో దానిని ఇరికించాలని ఆ రోజుల్లో కొంత పెనుగులాడాను. వాషరు అన్న మాట ఆ పాదపు గణాలకు ఒదగలేదు. మరో మాట పెడితే యతి చెడింది. ఇంత చిన్నది గుర్తుండదా అనుకుని వదిలేశాను. గుర్తుంటూనే వచ్చింది. పద్యం ఒక వైపు, దాని మినహాయింపు ఒక వైపు, ఇరవై ఏళ్లకు పైగా.

పదమూడవనాడు రోడ్డు ఆరింది. మా ఆవిడ చేతిసంచిలోనుంచి తాళంచెవి తీసి, "పది నిమిషాలే" అంది. తొమ్మిది నిమిషాల్లో వచ్చాను. తిరిగి వచ్చేసరికి ఆమె గరాజులో మడతకుర్చీ వేసుకుని, ఒళ్లో పళ్లెం, పళ్లెంలో గోరుచిక్కుళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది.

"పరీక్షాధికారిణి వచ్చినట్టుందే" అన్నాను.

"ఊరికే చూద్దామని. ముసలాయన కింద పడుకుంటే లేపడానికి ఎవరైనా ఉండాలి కదా."

బండిని నడిమి స్టాండు మీదికి ఎక్కించాను. కొత్త ఫిల్టరు పెట్టెలోనుంచి తీశాను. వాషరు దొర్లిపోతుందని చొక్కా జేబులో వేసుకున్నాను. అట్టముక్క పరచుకుని, ఎడమ పక్కకు ఒరిగి పడుకుని, పానా చేతబట్టి, పద్యం అందుకున్నాను. మామూలుగా లోలోపలే అనుకునేది ఆనాడు పైకి, రాగయుక్తంగా, ఆమెకు వినిపించాలని పాడాను. 'మరను విప్పి' అన్నప్పుడు విప్పాను. వేడి నూనె నల్లని తాడులా బండి కింద పెట్టిన పాత పళ్లెంలోకి దిగింది.

"ఇదెప్పుడు రాశారు?" అంది ఆమె.

"నువ్వు వినని రోజుల్లో."

"ఆ పళ్లెం ఎక్కడిది? నా వంటింటిది కాదు కదా?"

"కాదు."

"పులిహోర బేసిను ఒకటి కనపడటం లేదు."

"పద్యం మధ్యలో బేసిన్లు తేకు."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు నేను మరికొంత పొంగి రెండవ పాదాన్ని మరింత సాగదీశాను. పాత ఫిల్టరు తీసి కొత్తది పెట్టాను. బోల్టును గుడ్డతో తుడిచి పట్టు బిగించాను. లేచి, గరాటు పెట్టి కొత్త నూనె పోశాను. తేనెరంగు నూనె గాజుకన్నులో రెండు గీతల నడుమ వచ్చి నిలిచింది. నడుము పట్టుకుని నిలబడి నాలుగవ పాదం ముగించాను.

"అయిందా? ఏమీ మరిచిపోలేదు కదా?"

"ఒక్కటీ లేదు."

ఆమె పళ్లెం పక్కన పెట్టి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. ఆమె ముఖంలో ఓడిపోయిన ఛాయ లేదు. సంతోషమే కనబడింది. ఆ క్షణం నుంచి అక్టోబరు అలారాన్ని తాను కూడా మరిచిపోవచ్చునన్నట్లు కనబడింది.

స్నానానికని చొక్కా విప్పుతుంటే జేబులో నుంచి వాషరు నేల మీద పడి, ఒక చుట్టు తిరిగి, నా పాదం దగ్గర ఆగింది.

చాలాసేపు దానిని తీయలేదు. ఎలా జరిగిందో తెలుసుకోవడానికి పెద్ద ఆలోచన అవసరం లేకపోయింది. పాత వాషరు మడ్డితో బోల్టుకు అతుక్కుపోయి బోల్టులో భాగంలాగే కనిపించి ఉంటుంది. నేను పద్యం పాడుతూ, పద్యం చెప్పినదంతా చేశాను. పద్యం చెప్పనిదానిని చేయలేదు.

భోజనం దగ్గర ఒక జేబులో తాళంచెవి, మరో జేబులో వాషరు. గోరుచిక్కుడు వేపుడు రుచి తెలియలేదు. తిన్న వెంటనే గరాజులోకి వెళ్లి, బండి కింద శుభ్రమైన అట్ట పరిచి, వంగి చూశాను. చుక్క లేదు. పావుగంట తరువాత చూశాను. లేదు. పాత వాషరుతోనే ఏళ్ల తరబడి నడిపేవారున్నారని నాకు తెలుసు. కారదేమో. కారినా ఒకటి రెండు చుక్కలు. ఆమె నిద్రలేవకముందు ఏదో ఒక ఉదయం మార్చివేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. వీథిలోకి వెళ్లి నాలుగిళ్లు దాటి వెనక్కి వచ్చాను. తలుపు ఎత్తి అట్ట చూశాను. పుస్తకం తెరిచాను. ఒప్పందం నూనె కారడం గురించి కాదు కదా, మరవడం గురించి కదా అన్న ఒక్క వాక్యమే పుట నిండా రాసి ఉన్నట్లు కనబడింది. మళ్లీ తలుపు ఎత్తాను.

"ఇంకా ఎందుకండీ తిరుగుతున్నారు? తాళాలు ఇచ్చేశానుగా. అలా రౌండ్‌కి వెళ్లి రండి, రోడ్లు డ్రైగా ఉన్నాయి" అంది ఆమె, సోఫాలో నుంచి, కళ్లద్దాలు పైకి తోసి.

వెళ్లి ఆమె ఎదుట కూర్చున్నాను. బల్ల మీద వాషరు పెట్టాను. దాని పక్కన తాళంచెవి పెట్టాను.

"ఏమిటిది?"

"కింది బోల్టుకు వేయవలసినది."

ఆమె దానిని తీసుకుని, ప్రయోగశాలలో గాజుపలకను చూసినట్లు వెలుతురుకు ఎత్తి చూసింది. "ఇది వేయకపోతే ఏమవుతుంది?"

"చాలామందికి ఏమీ కాదు."

"కొందరికి?"

"నూనె కారుతుంది. వెనక టైరు మీద పడితే మలుపులో జారవచ్చు."

"మీకు ఎప్పుడు గుర్తొచ్చింది?"

"గుర్తు రాలేదు. జేబులోనుంచి పడింది."

ఆమె అప్పుడు నా వైపు చూసింది. నేను ఆగలేకపోయాను. ఎర్రదీపం సంగతి చెప్పాను. మూడవ పాదం సంగతి చెప్పాను. తరువాతి రెండు ఖాళీలూ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె వాషరును వేలికొసన తొడిగి తీస్తూ ఉంది, తొడిగి తీస్తూ ఉంది.

"లాస్ట్ సమ్మర్ నుంచా?"

"ఔను."

"నాతో అనాలనిపించలేదా?"

"అంటే తాళాలు తీసుకుంటావని."

"తీసుకునేదాన్నే" అంది. కళ్లద్దాలు దించుకుని, "డాక్టర్ దగ్గరికి సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. ఇద్దరం వెళ్దాం" అంది. తాళంచెవి మాత్రం ముట్టుకోలేదు. అది మూడు రోజులు ఆ బల్ల మీదే ఉంది. ఇద్దరం దాని చుట్టూ పత్రికలు సర్దుకున్నాం, కాఫీ కప్పులు పెట్టుకున్నాం. మూడవనాడు నేనే అన్నాను, పక్క సందులో ఉండే, బండి కొంటానంటున్న కుర్రాయనకు ఫోన్ చేయమని.

"చేస్తాను. కానీ ముందు అది సరిగ్గా వేయండి. పరాయివాళ్లకి లోపం పెట్టి ఇస్తామా?"

బోల్టు విప్పి, కొత్త నూనెను కొత్త డబ్బాలోకి దించి, పాత వాషరును చాకుమొనతో ఊడదీశాను. ఈసారి పద్యం పాడలేదు. మా ఆవిడ కుర్చీ నా తలకు దగ్గరగా లాక్కుని కూర్చుంది. నేను అడగకముందే ఆమె చేయి బండి కిందికి వచ్చింది. అరచేతి నడుమ వాషరు.

పక్క సందులోని ఆయన హైదరాబాదు నుంచి వచ్చి పదేళ్లయిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సాయంకాలాలు పాపను స్ట్రోలర్‌లో తోసుకుంటూ మా గరాజు ముందు నిలబడి, అమ్మితే తనకే ఇవ్వాలని ఏడాదిగా అంటున్నవాడు. శనివారం ఉదయం వచ్చాడు.

"నిజంగ ఇచ్చేస్తున్నరా అంకుల్? ఆంటీ ఓకేనా?"

"ఆంటీ ఓకే. అంకుల్‌ని అడగకు" అంది మా ఆవిడ.

"మస్తు మెయింటైన్ చేసిన్రు అంకుల్. నేను షాపుల సర్వీస్ చేపిస్త, టెన్షన్ పడకుండ్రి."

"షాపులో ఇవ్వకూడదు. నూనె నువ్వే మార్చాలి."

"నాకు రాదు కదా అంకుల్."

"నేను వచ్చి చెబుతాను. అదొక్కటే నేను అడిగేది."

"మీరు చెప్తుంటే ఫోన్‌ల రికార్డ్ చేస్కుంట. మళ్ల మళ్ల మిమ్మల్ని సతాయించ."

అతడు హెల్మెట్ తగిలించుకుని, రెండుసార్లు ఇంజను ఆగిపోయిన తరువాత మూడవసారి కదిలించి, సందు మలుపు తిరిగాడు. చప్పుడు చాలాదూరం వినబడింది. ఆ వేసవి నేను నది పక్క కాలిబాట పట్టాను. నడుస్తూ ఎలుగెత్తితే కుక్కలు తల తిప్పేవి, సైకిళ్లవారు గంట కొట్టి తప్పుకునేవారు. మొదట గొంతు తగ్గించాను, తరువాత తగ్గించలేదు. కాని కాళ్ల వేగం పద్యానికి చాలదు; ఎంత నడిచినా ఎక్కడికో ఆలస్యంగా పోతున్నట్లే ఉండేది. ఆ మొదటి సోమవారమే డాక్టరు మూడు నెలలకొకసారి రమ్మన్నాడు. వెళుతున్నాం. మా ఆవిడ డ్రైవ్ చేస్తుంది.

సెప్టెంబరులో అతని దగ్గరనుంచి ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి గరాజులో అన్నీ వరసగా పేర్చి ఉంచాడు: డబ్బా, గరాటు, ఫిల్టరు, పానాలు. ఫోన్‌ను ఒక అట్టపెట్టె మీద నిలబెట్టి, "చెప్పుండ్రి అంకుల్, స్టార్ట్" అన్నాడు.

పద్యం నోటి దాకా వచ్చింది. రానివ్వలేదు. వాషరు ఎక్కడ అని మొదట అడిగాను. పెట్టెలో వెతికి ఇచ్చాడు. అతడు అట్ట మీద ఒరిగి పానా వేస్తుండగా నేను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని, ఒక్కొక్క పనిని వచనంలో, మామూలు మాటల్లో చెప్పుకుంటూ పోయాను. నూనె దిగడానికి చాలాసేపు పట్టింది. మధ్యలో వాళ్లావిడ టీ తెచ్చింది. ఎడమ చేత్తో అందుకున్నందుకు ఏమనుకున్నదో. కుడి చేయి తెరవలేదు. బండి కింద నుంచి అతని నల్లబడిన చేయి చాచేదాకా ఆ వాషరు నా పిడికిలిలోనే ఉంది. జేబులో వేయలేదు.